వంకాయ మీదికి నెట్టిన తప్పు

ఈ బరువు నాతో చాలా ఏళ్లుగా ఉంది. పళ్ల డాక్టరుగా రిటైరయ్యాను, ఇల్లు మారాను. ఇది మాత్రం దిగలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో మాట. న్యూజెర్సీలో, పిస్కాటవే దగ్గర కొత్తగా క్లినిక్ తెరిచాను. ఇండియా డిగ్రీ చెల్లదంటే ఇక్కడ మళ్లీ చదివి తెచ్చుకున్న లైసెన్సు నాది. మన డాక్టరు, తెలుగులో మాట్లాడతాడు అని తెలుగువాళ్లంతా నా దగ్గరికే వచ్చేవారు. ఆవిడా అలాగే వచ్చింది. పై పన్నుకు రూట్ కెనాల్. పన్ను లోపలి సన్నని దారిని శుభ్రం చేయడానికి సూదితో బ్లీచ్ నీళ్లు పోస్తాం. మెల్లగా పోయాలి, సూది ఎక్కడా బిగుసుకోకూడదు. ఆ రోజు బిగుసుకుంది. నాకు తెలిసింది. అయినా తోశాను. ఎందుకు తోశాను? బయట ఇంకో పేషెంటు ఎదురుచూస్తున్నాడనా? నా చేతి మీద నాకున్న పొగరా? పొగరే అయి ఉంటుంది.

బ్లీచ్ పన్ను వేరు దాటి బుగ్గ కండలోకి పోయింది. ఆవిడ కెవ్వుమంది. "కొంచెం ఓర్చుకోండమ్మా" అన్నాను. ఉప్పునీళ్లతో కడిగి, ఐసు పెట్టి, మాత్రలిచ్చి పంపించాను. ఏం జరిగిందో చెప్పలేదు.

మర్నాడు భర్తతో వచ్చింది. బుగ్గ బూరెలా పొంగి, కమిలి నల్లబడి, కన్ను మూసుకుపోయింది.

"ఏమైంది డాక్టరు గారూ, ఇన్‌ఫెక్షనా?" అని ఆయన అడిగాడు.

ఆయనకు జవాబు చెప్పకుండా నేను ఆవిడ వైపు తిరిగాను. "నిన్న ఏం తిన్నారమ్మా?"

ఆవిడ తల దించుకుంది. మాట సరిగా రావడం లేదు. "ఫ్రిజ్‌లో వంకాయ కూర ఉంటే... వేస్ట్ చేయడం ఎందుకని రెండు ముద్దలు తిన్నానండీ."

"పన్నుకు ట్రీట్‌మెంట్ చేయించుకుని వంకాయేమిటే? పథ్యం చెయ్యాలని ఆ మాత్రం తెలీదూ?" భర్త విరుచుకుపడ్డాడు.

"వంకాయ వాతం కదండీ" అన్నాను నేను. ఛీ! రెండు దేశాల్లో చదివిన నోటితో ఆ మాట అన్నాను.

"సారీ డాక్టరు గారూ, తప్పు నాదే" అంది ఆవిడ.

వాపు తగ్గింది. పై పెదవికి ఆ వైపు స్పర్శ తిరిగి రాలేదు. నవ్వితే మూతి వంకరపోయేది. సూది ఎంత జాగ్రత్తపరుడి చేతిలోనైనా బిగుసుకోవచ్చు, అది ప్రమాదం, బిగిశాక తోయడం పొగరు, కానీ ఆ మర్నాడు నేను ఆడిన మాట ఆ రెండూ కాదని, తెలిసి చేసిన మోసమని, నాకు నేను ఎన్ని సాకులు చెప్పుకున్నా ఒప్పుకోక తప్పలేదు. నిజం చెబితే ఏమయ్యేది? కేసు వేసేవారా? పేషెంట్లు తగ్గేవారా? తగ్గితే తగ్గేవారు!

కొన్నేళ్ల తర్వాత ఎవరింట్లోనో పుట్టినరోజు విందు. ఆవిడ ఒక కొత్త పెళ్లికూతురికి జాగ్రత్తలు చెబుతోంది. "పన్ను చేయించుకుంటే పథ్యం చెయ్యమ్మా. నేను చెయ్యక నా ముఖం పాడు చేసుకున్నాను. పాపం, డాక్టరు గారు బాగానే చేశారు." నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆవిడ ఏమీ పాడు చేసుకోలేదు. ఆ ముఖం పాడు చేసింది నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అదీ నాకే, ఆవిడకు కాదు.