మొదటి గుక్క

మొన్న వాంకూవర్‌లో మా ఆఫీసులో ఒక పాత బోర్డో సీసా, ఫ్రాన్స్ నుంచి వచ్చే ఎర్ర వైన్, తెరిచాను. దాని వయసు నాకంటే నాలుగైదేళ్ళు తక్కువ, అంతే. మా కంపెనీ ఎర్ర వైన్లు దిగుమతి చేసి రెస్టారెంట్లకు అమ్ముతుంది. వచ్చిన సరుకును రుచి చూసి బాగుందో లేదో చెప్పడం నా పని. బిరడా మెల్లగా లాగి, గ్లాసులో కొంచెం పోసి, ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాను. వానకు తడిసి మూలన పడున్న అట్టపెట్టె వాసన. బిరడా చెడితే వైన్‌కు పట్టే వాసన అది. ఇలాంటివి అప్పుడప్పుడు తగులుతూనే ఉంటాయి, సింకులో పారబోసి ఇంకోటి తెరుస్తాం. కానీ ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు విజయ ఆంటీ గుర్తొస్తారు. వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

విజయ ఆంటీకి వాంకూవర్ పక్కనే ఉన్న బర్నబీలో చిన్న వైన్ షాపు ఉండేది. ఆవిడది ప్రకాశం జిల్లా, పొగాకు రైతుల కుటుంబం. నేను కరీంనగర్ నుంచి చదువుకోడానికి వచ్చి, పార్ట్ టైమ్ పని కోసం తిరుగుతూ ఆ షాపులో అడుగు పెట్టాను. ఇంట్లో మాత్రం గ్రోసరీ స్టోర్ అని చెప్పాను. మా వైపు వైన్స్ అంటే ఇనుప జాలీ వెనక నుంచి క్వార్టర్ సీసాలు అందించే కొట్టే కదా. ఆడపిల్ల అక్కడ పని చేస్తోందంటే మా అమ్మ మంచం పట్టేది.

"ఎప్పుడైనా వైన్ తాగావా?" అని అడిగారు ఆంటీ మొదటి రోజు.

"లేదాంటీ. బీర్ గూడ ముట్టలే."

"మంచిదే. చెడ్డ అలవాట్లు మాన్పించే పని లేదు నాకు."

చదువు అయిపోయాక కూడా అక్కడే ఉండిపోయాను. వాసన చూడడం ఆవిడే నేర్పారు. ఒకసారి పాత బోర్డో పోసి, కళ్ళు మూసుకోమన్నారు. "మా నాన్న బ్యారన్‌లో ఆకు కాల్చి తలుపు తీస్తే ఇదే వాసన," అన్నారు. పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే ఆ బ్యారన్‌ను నేను చూడనే లేదు, అయినా ఆ రోజు చూసినట్టే అనిపించింది. ఆవిడకు ఒక నియమం ఉండేది. సీసా తెరిచినవాళ్ళే మొదటి గుక్క తాగి, బాగుంటేనే వచ్చినవాళ్ళకు పోయాలి. "చుట్టాలకు వడ్డించే ముందు ఉప్పు చూసుకోమూ?" అనేవారు.

మా ఇద్దరికీ ఒకే ఒక్క విషయంలో పడేది కాదు. ఆవిడకు పాత పద్ధతి వైన్ ఇష్టం, నాకు కొత్తది.

"ఇప్పటివాళ్ళు పండు బాగా మాగేదాకా ఉంచి కోస్తున్నారు. కొత్త చెక్క పీపాల్లో పోస్తున్నారు. కొన్న రోజే మెత్తగా గొంతు దిగాలి. ఇరవై ఏళ్ళు ఆగే ఓపిక ఎవరికుందే?"

"ఓపిక కాదాంటీ, ఎండలు పెరిగినయ్. అప్పటోళ్ళు వానలకు భయపడి పచ్చిగున్నప్పుడే కోసేటోళ్ళు. ఆ పులుపుకు మీరు గొప్ప పేరు పెడుతున్రు."

"అయితే ఆవకాయ కలిపిన రోజే తింటావా?"

"తింటం. కలిపిన గిన్నెలనే అన్నమేసుకొని మరీ తింటం."

ఆవిడ పడీపడీ నవ్వేవారు. ఆ వాదనకు మేమిద్దరం ఎంత అలవాటు పడ్డామంటే, అది లేని రోజు షాపు బోసిపోయినట్టుండేది.

ఒక చలికాలం ఆవిడకు జ్వరం వచ్చి తగ్గింది, కానీ వాసన మాత్రం తిరిగి రాలేదు. నెల చూశారు, రెండు నెలలు చూశారు. ఒక పొద్దున షాపు తెరవకముందే నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "కాఫీ వాసన కూడా తెలియట్లేదే. ఇది బయటికి పొక్కితే నా దగ్గర ఎవరు కొంటారు? ఇకనించి మొదటి గుక్క నీది. నువ్వు తలూపితే నేను పోస్తా." ముప్పై ఏళ్ళుగా సంపాదించుకున్న పేరును ఆవిడ నా చేతిలో పెట్టారు. నేను సరేనన్నాను.

నెలకో ఆదివారం మధ్యాహ్నం పదిమంది పాత కస్టమర్లను పిలిచి రుచి చూపించేవారు. ఆ ఆదివారం ఒకే తోట నుంచి రెండు బోర్డోలు, ఒకటి కొత్తది, ఒకటి పాతది. కొత్తదాని గురించి నన్ను మాట్లాడమన్నారు. నేను రాత్రంతా చదువుకుని వచ్చాను. పండు గురించి, మారిన ఎండల గురించి నాలుగు మాటలు చెప్పానో లేదో, ఆంటీ ఇంగ్లీషులో అందుకున్నారు. "మా రజితకు వైన్ దేనికి, బ్రెడ్ మీద రాసుకునే జామ్ ఇస్తే చాలు." అందరూ గొల్లున నవ్వారు. ఆవిడ ఎప్పటిలాగే ఆట పట్టించారు. కానీ నలుగురి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

తర్వాత కౌంటర్ వెనక పాత సీసా తెరిచి, ఎవరి కంటా పడకుండా మొదటి గుక్క నాకిచ్చారు. తడిసిన అట్టపెట్టె వాసన. అనుమానమే లేదు. ఆంటీ నా కళ్ళలోకి చూశారు. తప్పు చేస్తున్నానని నాకు తెలుసు, తెలిసే చేశాను. తలూపాను.

ఆవిడ అందరికీ పోశారు. తానూ ఒక గుక్క తాగి, బ్యారన్ గురించి, తలుపు తీస్తే వచ్చే ఆకు వాసన గురించి ఎప్పటికంటే ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టారు. వింటున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక రిటైరైన లెక్చరర్, మర్యాదస్తుడు, "విజయా, ఈ సీసా చెడిపోయిందమ్మా," అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడ నా వైపు ఒక్కసారి చూశారు. "రజిత రుచి చూసింది" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. గ్లాసు కింద పెట్టి, "క్షమించండి. తప్పు నాదే. కొన్నాళ్ళుగా నాకు వాసన తెలియడం లేదు," అని చెప్పేశారు. ఎవరికీ తెలియకూడదని ఇన్నాళ్ళు దాచుకున్న మాటను నన్ను కాపాడడానికి ఆవిడే పదిమందిలో బయటపెట్టుకున్నారు.

అందరూ వెళ్ళాక గ్లాసులు కడుగుతూ అడిగారు. "నీకు తెలియలేదా?"

"లేదాంటీ. నాకు కొంచెం జలుబుంది."

"అవునా. ఇంటికెళ్ళి ఆవిరి పట్టుకో."

అంతే. ఆ ఆదివారాలు ఆగిపోయాయి. వేసవి వచ్చేసరికి షాపు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. నేను ఇప్పటి కంపెనీలో అప్లై చేసి, సిగ్గు విడిచి ఆవిడ పేరే రెఫరెన్స్‌గా ఇచ్చాను. ఉద్యోగం వచ్చిన కొన్ని నెలలకు మా మేనేజర్ మాటల్లో చెప్పింది, నా గురించి కనుక్కోడానికి ఫోన్ చేస్తే ఆంటీ ఏమన్నారో. "నా ముక్కు పని చేయని రోజుల్లో ఆ అమ్మాయి ముక్కును నమ్ముకునే షాపు నడిపాను," అన్నారట. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

ఆంటీ ఇప్పటికీ బర్నబీలోనే ఉన్నారు. నేనుండే చోటికి స్కైట్రైన్‌లో నాలుగు స్టేషన్లు. వెళ్ళి నిజం చెప్పాలని ఎన్నిసార్లు బయల్దేరానో లెక్కలేదు. ఆవిడ తిడతారని కాదు నా భయం. అంతా విని, టీ కప్పు నా ముందు పెట్టి, "అప్పుడే తెలుసులేవే," అంటారేమోనని.