చెక్కతో ఆడిన మిల్లు

నా చిన్నప్పుడు మా ప్రొద్దుటూరు బజారోళ్లకు కళ్లకంటే చెవులే ఎక్కువ పనిచేసేవి. నూనె మిల్లు సరుకుతో ఆడుతోందో, ఖాళీగా తిరుగుతోందో అంగట్లో కూర్చునే చెప్పేసేవాళ్లు. ఆ బజారు చివర మా తాతకు చిన్న శెనక్కాయల నూనె మిల్లు ఉండేది. బోర్డు మీద మాత్రం కంపెనీ అని రాయించినాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

రెండేళ్లు వరసగా వానల్లేక కాయలు రావడం ఆగిపోయింది. మిల్లు నిలబడితే పరువు పోతుందని మా తాత ఒక పని చేసేవాడు. కాయల్లో నూనె తీసేసినాక మిగిలే పిప్పి చెక్కనే పొడి చేయించి, మళ్లీ మిషన్లో పోసి ఆడించేవాడు. చుక్క నూనె రాదు, చప్పుడు మాత్రం నిండుగా వచ్చేది. ఇంతకంటే తెలివితక్కువ పని ఉంటుందా? ఆ చెక్కను దంచే పని నాది. ఎనిమిదేళ్ల పిల్లను, బడికి పోయేలోపు రోజూ రోలు ముందర కూర్చోవాల. ఎవరడిగినా మిల్లు బాగా ఆడుతాందని చెప్పాల. మా అవ్వ నాచేత ఒట్టు కూడా వేయించుకునింది. ఆరు నెలలు తిరిగేసరికి నాకు భయం లేదు, విసుగు లేదు, మనసంతా మొద్దుబారిపోయింది.

ఒకరోజు పొద్దున పొడి గంప తీసుకుపోతే మా తాత అందుకోలేదు. కింద పెట్టమన్నాడు. మిషను బెల్టు ఊడదీసి, చుట్టి పక్కన పెట్టి, తలుపుకు తాళం వేసినాడు. అంతే.

మధ్యాహ్నానికి చావింటికి వచ్చినట్టు జనం వచ్చినారు. మా అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తాంది. నాకు ఏడుపు రాలేదు. పీడ పోయిందనిపించింది, వెంటనే సిగ్గేసింది. తాత మిల్లు మూతపడితే నెమ్మదించే మనవరాలు ఎంత చెడ్డదో అనుకుని, పెరట్లోకి పోయి, కన్నీళ్లు రావాలని తొడ గిచ్చుకుంటా కూర్చున్నా. అయినా రాలేదు.

కాళ్లు కడుక్కునేదానికి వచ్చిన మా తాత చూసి, ఏందమ్మా అని అడిగినాడు. ఉన్నదున్నట్టు చెప్పేసినా. కొడతాడనుకున్నా. ఆయన నా చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకుపోయి అందరి ముందర నిలబెట్టినాడు.

"ఈ పాపకు ఏడుపు రాలేదంట. నాకూ రాలే. హాయిగా ఉండాదప్పా. మీరింక పోయి రండి, మేం అన్నం తినాల."

మా అవ్వ కళ్లు తుడుచుకుని లేచి గిన్నెలు సర్దింది. ఆ పూట ఆయన రెండోసారి పప్పు అడిగి వేయించుకున్నాడు.

పోయిన నెల నేను పదేళ్లుగా ఈడ్చుకొచ్చిన అప్పడాల కంపెనీ మూసేసినా. ఇంటికి వచ్చి సాయంత్రం దాకా నిద్రపోయినా. వచ్చినోళ్లందరూ అయ్యో అంటాండారు, దిగులు రాలేదా అని అడుగుతాండారు. ఇంకా రాలేదు. ఎప్పటికీ రాకపోయినా నేను చెడ్డదాన్ని కాదని ఎనిమిదేళ్లప్పుడే ఒకాయన నలుగురి ముందర చెప్పిపోయినాడు.