మంచి కొవ్వు

ఆఫీసులో ఆ హెడ్ క్లర్కుని అందరూ వెనకాల ‘కొవ్వుల మేష్టారు’ అంటారు. మధ్యాహ్నం పక్కవాళ్ళ క్యారేజీ మూత తెరుచుకుంటే చాలు, ఆయన మెడ అటు సాగుతుంది. “వెన్నా? గుండెకి పగ. ఆ బిస్కెట్లలో డాల్డా ఉంటుంది, అది ఇంకా ఘోరం,” అంటూ అవతలివాడికి ముద్ద దిగకుండా చేస్తాడు. తను మాత్రం బాదంపప్పులు గుప్పెళ్ళతో నోట్లో పోసుకుంటాడు. కూరలో ఆలివ్ నూనె తేలాల్సిందే. “మంచి కొవ్వు కదా, ఎంత తిన్నా మంచే!” అని పొట్ట నిమురుకుంటాడు. చొక్కా బిగుసుకుంటే ఇస్త్రీవాడిని తిడతాడు.

ఇంట్లో ఆయన వద్దన్న వెన్న, గుడ్డు పచ్చసొన భార్య కొద్దికొద్దిగా తింటుంది. మొన్న ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకుంటే ఆవిడకి అన్నీ సవ్యంగా వచ్చాయి, ఆయనకే కొవ్వు హద్దు దాటింది. “మంచి నూనైనా చెంచాతో కొలుచుకోవాలండీ, గిన్నెతో కాదు,” అంది డాక్టరమ్మ. ఆయన మొహం మాడిపోయింది.

ఇల్లు చేరగానే, “ల్యాబ్ వాళ్ళు రిపోర్టులు తారుమారు చేశారే. ఆ జబ్బు నీది. ఇక జాగ్రత్తగా ఉండు,” అన్నాడు దిగులుగా.

“అలాగేనండీ. మరి జబ్బు నాదైతే, ఈ మంచి కొవ్వు ఇకమీదట నేనే తినాలిగా,” అంటూ ఆవిడ బాదంపప్పు డబ్బా, నూనె సీసా తీసి తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆయన వెళ్ళి బీరువా తలుపు ఒకసారి లాగి చూశాడు.

“పోనీలే,” అన్నాడు చివరికి, “రిపోర్టులు సరిగ్గానే ఇచ్చారేమో.”