ముందు పెట్టని సున్నా

ఈ సంగతి ఏడేళ్లుగా నా ఒంట్లో ఉంది. తింటాను, పడుకుంటాను, పని చేస్తాను, అది మాత్రం కదలదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను చదివింది పదో తరగతి. కాటాలు బాగుచేసుకుంటూ, పాత పుస్తకాలు చూసి సి భాష నేర్చుకున్నాను. లెక్క తప్పని మనిషినని నాకు పేరు. ఆ పేరు విని గరివిడి దగ్గర ఒక చిన్న పోత కర్మాగారం వాళ్లు గేటుకి హాజరు మిషను చేసిపెట్టమన్నారు.

ఒక్కో కార్డులో రెండు బైట్లు. మొదటిది విభాగం, రెండోది మనిషి నంబరు. మిషను వాటిని చదివి, హెక్స్ అక్షరాలుగా మార్చి, ఆఫీసు కంప్యూటరుకు పంపాలి. హెక్స్‌లో, అంటే పదహారేసి చొప్పున లెక్కించే పద్ధతిలో, పదకొండుని B అని, పదిహేడుని 11 అని, ఇరవై ఏడుని 1B అని రాస్తాం. ఏ బైటుకైనా రెండు అక్షరాలు రావాలి కాబట్టి విలువ పదహారుకు తక్కువైతే ముందు సున్నా పెట్టాలి. అందుకు %02X అని రాయాలి. నేను %X అని రాసి ఊరుకున్నాను. పరీక్షకు పెట్టిన కార్డులన్నీ సరిగ్గానే పలికాయి మరి.

విభాగాలు తొమ్మిది ఉన్నంతకాలం ఏమీ కాలేదు. తర్వాత కాంట్రాక్టు కూలీలను చేర్చి, వాళ్లకు పదిహేడో విభాగం అని నంబరు ఇచ్చారు. ఒకటో విభాగంలో ఇరవై ఏడో మనిషి 011B. పదిహేడో విభాగంలో పదకొండో మనిషి 110B. సున్నాలు లేని నా మిషను ఇద్దరికీ 11B అనే పంపింది. కంప్యూటరు జాబితాలో తనకు ముందు దొరికిన ఒకటో విభాగం మనిషి పేరే రాసుకుంది. కూలీల హాజరు మేస్త్రీ పుస్తకంలో ఉండేది కాబట్టి కంప్యూటరులో కూలీ పేరు పడటం లేదని ఎవరూ చూడలేదు.

ఆ ఇరవై ఏడో మనిషి యేసురత్నం. కొలిమి దగ్గర పని, చర్చిలో సంఘపెద్ద. భార్యకు జబ్బు చేస్తే సూపర్‌వైజరుకు నోటిమాటగా చెప్పి మూడు రోజులు విజయనగరం ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ మూడు రోజులూ అతను గేటు దాటినట్టు కంప్యూటరులో పడింది. దొంగ హాజరు వేయించుకున్నాడన్నారు. సూపర్‌వైజరు తనకేమీ గుర్తులేదన్నాడు.

మిషను చూడమని నన్ను పిలిచారు. నేను చూస్తుండగానే ఒక కూలీ కార్డు పెట్టాడు. తెరమీద 11B. యేసురత్నం కార్డుకి వచ్చేదీ అదే. అప్పుడే యేసురత్నం గేటు దగ్గరికి వచ్చాడు. మిషను పెట్టినప్పటినుంచీ నన్ను వరస కలిపి పిలిచేవాడు.

"మావా, ఇది నువ్వు సేసిన మిషినే కదా. నాకు సెప్పు. ఇద్దరు యేసురత్నాలున్నారేటి? ఒకడు పెళ్లాం మంచం కాడ, ఇంకొకడు కొలిమి కాడానా?"

"మిషిను తప్పు సెప్పదురా," అన్నాను.

"మరి నా పేరెలా పడినాది?"

కాగితం కార్డుల నాటి అలవాటు కొద్దీ అక్కడ అందరూ కార్డులు గేటు పక్కన చెక్కపలక మేకులకు తగిలించి వెళ్లేవారు. నేను దానివైపు చూపించాను.

"కార్డు అక్కడే వదిలీసినావు. ఎవడు తీసినాడో నీకే తెలియాల."

అతను పలకవైపు తిరిగాడు.

"నా సెల్లి మొగుడు గానీ తీసినాడేటి? సూర్యం బావది అదే షిఫ్టు. మంచి సేద్దావనుకున్నాడేటో..."

కాదని అనకుండా నేను మిషను మూత బిగించాను.

ఆ సాయంత్రమే సున్నాలు పెట్టి ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను. దుమ్ము పట్టింది, తుడిచానని ఆఫీసులో చెప్పాను.

యేసురత్నం పని పోయింది. సంఘపెద్దగా తీసేశారు. చర్చి వాకిట్లో సూర్యాన్ని కాలర్ పట్టుకున్నాడట. సూర్యం బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేసినా నమ్మలేదట. భార్య చనిపోయిన రోజు చెల్లెలు వస్తే గుమ్మం దాటనివ్వలేదు.

ఒక్క మాట చాలేది. ఎందుకు అనలేదు? భయమా? దేనికి? పోవడానికి నాకు ఉద్యోగమే లేదు. చదువు లేనివాడు చేస్తే ఇంతే అంటారని, నా లెక్క తప్పిందని నలుగురికీ తెలుస్తుందని, అంత చిన్నదాని కోసం ఒక మనిషిని, అతని చెల్లెల్ని, తప్పు చేయని బావని వదిలేశాను. మొదటి తప్పు పొరపాటు. రెండోదానికి ఆ పేరు పెట్టుకోలేను.

అతను ఇప్పుడు ఆమదాలవలసలో ఒక మిల్లులో బస్తాలు మోస్తున్నాడని విన్నాను. ఎదురుగా వెళ్లి నిలబడగలనో లేదో తెలియదు. క్షమిస్తాడని అనుకోను. అడిగే ముఖమూ లేదు.

కార్డు ఎవరూ తియ్యలేదు. సూర్యం దాన్ని ముట్టుకోలేదు. మూడు రోజులూ అది మేకుకే వేలాడుతూ ఉంది. ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇప్పుడు మీకూ తెలుసు.