మీసాల రాజుకు మురుకుల నైవేద్యం

నా చిన్నప్పుడు మా ధర్మపురిలో నాకంటే తెలివితక్కువవాడు ఒకడు ఉండే ఉంటాడు. కానీ వాడు మా అవ్వకు మనవడిగా పుట్టలేదు కాబట్టి బతికిపోయాడు.

పక్కింటి మామ ఓడ ఉద్యోగం నుంచి వస్తూ మూడు థాయిలాండ్ నాణేలు తెచ్చాడు. ఆ దేశంలో కాలం చేసిన రాజుల జ్ఞాపకార్థం నాణేలు వేస్తారట. ఒక్కో నాణెం మీద ఒక్కో రాజు. ముగ్గురినీ సంపాదించాలని నాకు పిచ్చి పట్టింది. మొదటి రాజు కోసం మా అవ్వ పుట్టింటి ఇత్తడి చెంబు మామకిచ్చి వచ్చాను.

"చెంబు యాడరా?" అంటూ అవ్వ నా పిడికిలి విప్పించింది. "ఎవురురా ఈ మీసాలాయప్ప?"

భయంలో నోటికొచ్చింది చెప్పాను. "సామి అవ్వా! చెంబిచ్చి సామిని తెచ్చినాను."

అవ్వ నాణేన్ని అటూ ఇటూ తిప్పింది. "అవున్రా, మన మునియప్పన్ మాదిరే వుండాడు" అని కళ్ళకద్దుకుని, గంధం బొట్టు పెట్టి, దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. మునియప్పన్ అంటే మా తమిళ సీమ వైపు కోరమీసాల కావలి దేవుడు. గూట్లో పెట్టినదాన్ని మా ఇంట్లో ఎవరూ తిరిగి తీయకూడదు. అలా నా సేకరణ మొదటి నాణెంతోనే గూటికి చేరింది.

తెచ్చినవాడే పూజ చేయాలంది అవ్వ. రోజూ తెల్లవారగానే చన్నీళ్ళ స్నానం. నా వంతు మురుకులు రాజుగారికి నైవేద్యం. ప్రసాదం మాత్రం అవ్వకు. ఉన్న నాలుగు పళ్ళతోనే కరకరలాడించేది.

పది రోజులయ్యాక, నెత్తిన నీళ్ళు పడుతుండగా కళ్ళు తెరిచి చూశాను. అవ్వ పోస్తున్నది ఆ పుట్టింటి చెంబుతోనే! మామ మొదటి సాయంత్రమే దాన్ని తిరిగి ఇచ్చేశాడట. అవ్వ నవ్వింది. నేను వణికాను. నాణెం సామి కాదని ఆమెకు ఆ రోజే తెలుసన్నమాట.

శుక్రవారం పూజకు వీధి ఆడవాళ్ళంతా వచ్చి, అవ్వ పొగిడిన మీసాల సామికి దండాలు పెడుతున్నారు. అందరూ వినేలా అన్నాను. "అవ్వా, సామి కలలో వచ్చినాడు. మురుకులు చాలంట. నీ పొగాకు కావాలంట."

సామి కాదని అవ్వ ఇప్పుడు ఎలా చెబుతుంది? నన్ను నమిలేసేలా చూసి, నడుము సంచి విప్పి, పొద్దంతా తన దవడన ఉండే పొగాకంతా గూట్లో పెట్టింది. ఆ సాయంత్రమే నాణెం నా చేతికి వచ్చింది. "ఈయప్పకు మన ఇల్లు సరిపడలేదురా. నువ్వే పెట్టుకో" అంది.

మిగతా ఇద్దరు రాజులను మామ తర్వాత ఊరికే ఇచ్చాడు. నోటిదాకా అబద్ధం వస్తే ఇప్పటికీ నా నెత్తిన చన్నీళ్ళు పడతాయి. ఆ మొదటి నాణేన్ని శుభ్రం చేయమని చూసినవాళ్ళంతా అంటారు, నేను చేయను. రాజుగారి మీసాల సందుల్లో గంధం మా అవ్వది. దాని పక్కన పొగాకు మరక నాది.