పొట్టి గుర్రం మీద నా సవారీ

యాభై దాటిన ఆడమనిషి గుర్రపు సవారీ నేర్చుకుంటానంటే మా వైపు జనం ముందు ఆమె ముఖం చూస్తారు, తర్వాత ఆమె మొగుడి ముఖం చూస్తారు. మా ఆయన ముఖంలో ఎప్పుడూ ఏమీ కనిపించదు కాబట్టి ఆ గండం గడిచింది. మా అన్న దగ్గరే చిక్కు వచ్చింది. నేను గుర్రం ఎక్కడం గురించి ఆయనకు పేచీ లేదు. పొట్టి గుర్రం ఎక్కడం గురించే పేచీ అంతా.

మా పుట్టిల్లు జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె. ఆ ఇంటి నడవలో, లోపలికి అడుగు పెట్టగానే కనపడేట్టు, మా తాత ఫొటో ఉంటుంది. తెల్ల గుర్రం, దాని మీద తలపాగా చుట్టుకుని తాత. ఊళ్లో పంచాయితీలు, ఇంట్లో పెళ్లి మాటలు అన్నీ ఆ ఫొటో కిందే జరిగాయి. నా చిన్నప్పటికి ఆ గుర్రం ముసలిదైంది గానీ ఇంకా నడిచేది. తాత సాయంత్రం పూట అన్నను ముందు కూర్చోబెట్టుకుని చేని దాకా పోయి వచ్చేవాడు. నన్నూ ఎక్కించుకొమ్మని ఏడిస్తే, "ఆడపిల్లవి నీకెందుకు మ్మే, పోయి గడ్డి ఎయ్ పో" అనేవాడు. వేశాను. ఆ గుర్రానికి నేను వేసినంత గడ్డి ఇంకెవరూ వేసి ఉండరు. నేను ఒక్కసారి కూడా ఎక్కకుండానే అది చచ్చిపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

నేను ప్రొద్దుటూరులో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. మైలవరం పోయే దారిలో, పోలీసు గుర్రాల దళంలో పనిచేసి రిటైరైన ఒకాయన నాలుగైదు గుర్రాలు పెట్టుకుని సవారీ నేర్పిస్తున్నాడని తెలిసిన రోజే పోయి చేరాను. ఆయన్ని అందరూ మాస్టారు అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను.

మొదట పెద్ద గుర్రమే ఎక్కాను. ఇద్దరు కింద నుంచి తోస్తే, ఒకరు అవతలి వైపు నుంచి లాగితే ఎక్కాను. అంతకు రెండేళ్ల ముందే మోకాలికి ఆపరేషన్ అయింది. నా ఎత్తు కూడా అంతంత మాత్రమే. పైన కూర్చుంటే పిట్టగోడ లేని మిద్దె అంచున కూర్చున్నట్టు ఉంది. గుర్రం మంచిదే, పాపం, ఏమీ చేయలేదు. నేనే బిగుసుకుపోయాను. నేను కళ్లెం బిగించి పట్టుకుంటే అదీ మెడ బిగించింది. నెల రోజులైనా ఇద్దరిలో ఎవరికీ సుఖం లేదు.

ఆ కొట్టంలో ఒక మూల గోధుమ రంగు పొట్టి గుర్రం ఉండేది. దాని వీపు నా భుజం దాకా కూడా రాదు. చిన్న పిల్లల్ని ఎక్కించి నడిపించడానికి ఉంచారు. ఒక రోజు నేను దాని పక్కన నిలబడి, "మాస్టారూ, ఇది నన్ను మోస్తుందా?" అని అడిగాను.

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "మీ బరువు దానికో లెక్క కాదు మేడమ్. కానీ పెద్దోళ్లు దాన్ని అడగరు. నామోషీ అంటారు," అన్నాడు.

నామోషీ సంగతి నేను చూసుకుంటానని ఎక్కాను. ఎవరూ తోయలేదు, ఎవరూ లాగలేదు. నేల దగ్గరగా ఉందనే ధైర్యంతో నడుం వదులైంది. నడుం వదులవగానే అది చెవులు వెనక్కి తిప్పి, నేనేం చెబుతానో అని విన్నది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. యాభై దాటిన వయసులో గుర్రం మీద కూర్చుని ఏడవడం ఏమంత అందంగా ఉండదు, అయినా వచ్చింది.

మాస్టారు నేర్పేది డ్రెసాజ్. పరుగు పందెం కాదు, దూకడాలూ ఉండవు. నలుచదరంగా కట్టిన బయలులో గుర్రాన్ని ముగ్గు గీసినట్టు నడిపించాలి. ఇక్కడ సున్నా చుట్టాలి, అక్కడ అడ్డంగా దాటాలి, చెప్పిన చోట ఆగాలి. అరవకూడదు, కొట్టకూడదు. కాలి ఒత్తిడితో, వేళ్ల కదలికతో చెప్పాలి. పెద్ద గుర్రం నాలుగు అంగల్లో దాటేసే చోట పొట్టిది టకటకా చిన్న అడుగులు వేస్తుంది. నాలాంటి వాళ్లకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. నా తర్వాత పులివెందుల నుంచి వచ్చే మందుల షాపాయన కూడా పెద్ద గుర్రం దిగి ఇంకో పొట్టి గుర్రం ఎక్కాడు. నడుం నొప్పి తగ్గిందని చెప్పాడు గానీ, భయం తగ్గిందని నాకు తెలుసు.

నేను పొట్టి గుర్రం ఎక్కుతున్న మాట మా అన్న చెవిన పడింది. ఒక ఆదివారం తెల్ల చొక్కా, తెల్ల పంచెతో కారు దిగాడు. నేను పొట్టిదాని మీద సున్నా చుడుతున్నాను. ఆయన దగ్గరికొచ్చి చూసి, "ఏంది పాపా ఇది? తాత ఎట్లాంటి గుర్రం ఎక్కినాడు, నువ్వు దేన్ని ఎక్కినావు? కాళ్లు నేలకు తగుల్తాండాయి. సూసినోళ్లు నగుతారు మ్మే," అన్నాడు.

"నగనీలే న్నా. నేను కింద పడితే ఏడుస్తారా వాళ్లు?" అన్నాను.

"సరేలే, వదినకు చూపిస్తా, ఒక ఫొటో తీస్తా ఉండు," అని ఫోన్ పైకెత్తాడు.

పొట్టిది ఆగిపోయింది. మెడ నిక్కించి, ఒక ముందు కాలు కొంచెం వంచి, శిలలాగా నిలబడింది. కాలితో ఒత్తాను, బతిమిలాడాను, కదల్లేదు. అన్న ఫోన్ జేబులో పెట్టగానే ఏమీ ఎరగనట్టు నడక మొదలుపెట్టింది. మళ్లీ ఫోన్ ఎత్తాడు, మళ్లీ ఆగింది. అన్న కడుపు పట్టుకుని నవ్వాడు.

మాస్టారు తల గోక్కుంటూ సంగతి చెప్పాడు. దాన్ని ఆయన ప్రొద్దుటూరులో పెళ్లి మేళం వాళ్ల దగ్గర కొన్నాడట. పెళ్లికొడుకును ఊరేగించేటప్పుడు సందుకొకచోట చుట్టాలు ఫోన్లు ఎత్తుతారు. ఫోన్లు దిగేదాకా గుర్రం కదలకూడదు. ఏళ్ల తరబడి అదే ఉద్యోగం. "అది మరవలేదు మేడమ్," అన్నాడు.

"పెండ్లి గుర్రమా! మా పాప ఎక్కేది పెండ్లి గుర్రం!" అని అన్న ఇంకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ ఇక్కడికి రావద్దని మొహం మీదే చెప్పాను. చాలా రోజులు ఆయన ఫోన్ చేసినా ఎత్తలేదు.

పులివెందులలో ఒక కాలేజీ మైదానంలో చిన్న పోటీ పెడుతున్నారని తెలిసినప్పుడు నేను పేరు ఇచ్చాను. గెలవాలని కాదు. నలుగురి ముందు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి, ఆగకుండా సవారీ పూర్తి చెయ్యాలి. అంతే నా ఆశ. ఫోన్ అలవాటు మాన్పించడానికి మాస్టారు రోజూ తన ఫోన్ ఎత్తుకుని ఎదురుగా నిలబడేవాడు. నేను నడిపించేదాన్ని. ఒక ఫోన్‌కైతే ఆగకుండా పోవడం నేర్చుకుంది. ఒకేసారి పది ఫోన్లు లేస్తే ఏం చేస్తుందో మాత్రం మాకు తెలియదు.

పోటీ సంగతి మా ఆయన ఎవరికీ చెప్పనన్నాడు. చెప్పాడు. ఆ రోజు అన్న, వదిన, ఇంకా బంధువులు రెండు కార్లలో దిగారు. అన్న నా దగ్గరికి రాకుండా, బయలు చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడ్డాడు. పలకరిద్దామని ఉంది, ఇద్దరికీ పౌరుషం అడ్డమొచ్చింది.

నా వంతు వచ్చింది. లోపలికి పోయి, నడి మధ్యన ఆగి, జడ్జికి తల వంచి నమస్కారం చెయ్యాలి. ఆగడంలో మా పొట్టివాణ్ణి మించినవాళ్లు లేరు. అద్భుతంగా ఆగాడు. నేను తల ఎత్తేసరికి తాడు చుట్టూ ఫోన్లే. జడ్జి వెనక ఫోన్లు, పక్కన ఫోన్లు, మా బంధువుల చేతుల్లో ఫోన్లు. పొట్టివాడు మెడ నిక్కించాడు, కాలు వంచాడు.

కాలితో చెప్పాను. మళ్లీ చెప్పాను. చెవి కూడా ఆడించలేదు. కాసేపటికి జనంలో నవ్వులు మొదలయ్యాయి. ఎక్కువసేపు కదలకపోతే గంట కొట్టి బయటికి పంపేస్తారు. జడ్జి చెయ్యి గంట వైపు పోవడం చూశాను. గడ్డి వేసిన ఆడపిల్ల గడ్డి దగ్గరే ఆగిపోతుందని అనిపించింది.

"దించండప్పా ఫోన్లు!"

మా అన్న గొంతు. పంచాయితీల్లో వాడే గొంతు. చూస్తే ఆయన ఫోన్ అప్పటికే జేబులోకి పోతోంది. "ఏయ్ మామా, నీకే చెప్తాండేది, దించు! అది ఫోన్ సూస్తే నడవదు. ఈడ పెండ్లి జరగడంల్యా. మా చెల్లెలు సవారీ చేస్తాంది. కండ్లతో సూడండి!"

మా వాళ్లు ముందు దించారు. వాళ్లను చూసి పక్కవాళ్లు దించారు. పొట్టివాడు గట్టిగా ఊపిరి వదిలాడు. నేను కాలు ఆనించాను. నడిచాడు.

సున్నాలు చుట్టాం. అడ్డంగా దాటాం. ఒకచోట, ఎక్కడ తిరగాలో గుర్తుకు పెట్టిన అక్షరం పలక దాటిపోయి ఆలస్యంగా తిరిగాం. చివర మళ్లీ నడి మధ్యన ఆగి నమస్కారం పెట్టాను. నా పేరు జాబితాలో ఎక్కడో కింద వచ్చింది. బయటికి రాగానే అన్న పొట్టివాడి మెడ మీద చెయ్యి వేసి, నా వైపు చూడకుండా, "బాగా నడిపినావు పాపా," అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము అన్నాడు.

ఆ సవారీకి ఒక్క ఫొటో లేదు. మొన్న పుట్టింటికి పోతే, తాత ఫొటో పక్కన గోడకు కొత్త మేకు కనపడింది. పోటీకి ముందు రోజే అన్న కొట్టాడని వదిన చెప్పింది. నా ఫొటో తీసి అక్కడ తగిలించాలని అనుకున్నాడట. పొట్టి గుర్రం ఫొటోనే.

మేకును వేలితో తడిమి చూశాను. "ఇంగ తీసేయ్ న్నా, ఊరికే ఎందుకు?" అన్నాను.

"ఉండనీ మ్మే," అన్నాడు అన్న. "వచ్చినోళ్లు ఈ మేకు ఎందుకని అడుగుతాండారు. కూర్చోబెట్టి చెప్తాండా."