గ్యాస్ పాసయిందా?

నాకు తెలిసిన మొదటి పాసు అన్నానిది. ఎండాకాలం గిన్నె మీద మూతపెట్టి మర్చిపోతే సాయంత్రానికి పాసిపోయేది. మనుషులు కూడా పాసవుతారనీ, అయితే వీధిలో చాక్లెట్లు పంచుతారనీ చాలా కాలానికి గాని తెలియలేదు.

యాభై దాటాక మా ఊరి రాత్రిబడిలో అక్షరాలు దిద్దాను. హనుమాన్ జంక్షన్ బస్సు బోర్డు ఎవరినీ అడక్కుండా చదువుకోవాలని నా పంతం. చదవడం వచ్చాక చూస్తే లోకమంతా ఈ పాసు మీదే నడుస్తోంది. పిల్లలకు బస్సు పాసు, పొలానికి పాసు పుస్తకం, రైల్లో టైంపాసు పల్లీలు. ఊరి బయట వేసే రోడ్డు బైపాసు, గుండెకి వేసేదీ బైపాసే. గుండెకి కంకర ఎవరు తోలతారో!

"ఇంతకీ పాసంటే ఏంటండీ?" అని బడి పంతులుగారిని అడిగాను.

"పూర్వం ఏదో దేశం భాషలో అడుగు అని అర్థమమ్మా."

"మిమ్మల్నే కదండీ అడుగుతున్నాను. ఇంకెవర్ని అడగమంటారు?"

"అడగడం కాదు తల్లీ! కాలితో వేసే అడుగు."

"గిన్నె అడుగు కాదు, అంతే చాలు" అన్నాను. ఆయన ఆ పూటకి బడి కట్టేశారు.

ఆ రోజుల్లోనే మహిళా సంఘంలో ఉన్నవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇస్తామన్నారు. ఊళ్ళో ఎవరు ఎదురైనా "ఏమొదినా, గ్యాస్ పాసయిందా?" అన్నదే పలకరింపు. నాకు పాసయింది. సిలిండరు మాత్రం రాలేదు. అంతలో మా ఆయనకు పేగు మెలికపడింది. కారు మాట్లాడుకుని బెజవాడ తీసుకెళ్ళి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాను. కడుపు కోసి సరిచేశారు. ప్రాణానికి భయం లేదుగాని, చెప్పేదాకా నోట్లో చుక్క నీళ్ళు పొయ్యొద్దన్నారు. ఎప్పుడు చెప్తారంటే, "డాక్టరుగారే చెప్తారు" అంటారు.

బెజవాడ మే నెల ఎండ. ఆయన పెదాలు బీటలు తీశాయి. తడిగుడ్డ అద్దితే గుడ్డనే పీల్చేవాడు. "ఒక్క గుక్క పొయ్యవే, నీ పుణ్యం ఉంటుంది" అని బతిమాలేవాడు.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరుగారు వచ్చారు, వెనకాల చిన్న డాక్టర్ల గుంపుతో. నా వంక చూడకుండానే అడిగారు: "గ్యాస్ పాసయిందా అమ్మా?"

మా ఊరి కబురు ఈయనదాకా ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాను.

"అయిందండీ. సిలిండరే ఇంకా..."

"వెరీ గుడ్. మంచినీళ్ళు ఇవ్వచ్చు" అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. నా మాట సగంలోనే మిగిలిపోయింది. కాచి చల్లార్చిన నీళ్ళు పట్టాలి కదా, ఇంట్లో పొయ్యి ఉందో లేదో కనుక్కున్నారు కాబోలని సరిపెట్టుకున్నాను.

గ్లాసుడు పట్టాను. మధ్యాహ్నానికి కడుపు డోలులా ఉబ్బింది. తాగిందంతా కక్కేశాడు. కుట్లు తెగుతాయని నర్సులు పరిగెత్తుకొచ్చారు, ముక్కులోంచి గొట్టం దించారు. తగ్గకపోతే మళ్ళీ కొయ్యాలన్నారు. మళ్ళీ కోస్తే మా ఆయన తట్టుకోలేడని నాకు తెలుసు.

పెద్ద డాక్టరుగారు నా మీద విరుచుకుపడ్డారు. "గ్యాస్ పాసయిందన్నావుగా! ఎందుకమ్మా అబద్ధాలు?"

"అబద్ధమేంటండీ, మా సంఘం వాళ్ళే చెప్పారు!"

నర్సమ్మకి అర్థమై నా చెవిలో గొణిగింది. "మామ్మగారూ, ఆ గ్యాసు కాదు. కిందనుంచి గాలి పోయిందా అని. అది పోతేనే పేగు పనిచేస్తున్నట్టు."

"పిత్తాడా అనా?" అన్నాను.

చిన్న డాక్టర్లు గోడలు చూస్తున్నారు.

"పదిమందిలో అదేం మాటమ్మా!" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"లోపల పేగులు చేత్తో పట్టుకున్నారు. ఈ మాట నోటితో పట్టుకోవడానికి రోతా బాబూ? ఇంగ్లీషులో అయితే వాసన రాదా?"

ఆయన గొట్టం సరిచూసి వెళ్ళిపోయారు. మంచం పక్కనే కూర్చున్నాను. మా ఆయన కడుపు మీద చెయ్యివేసి, దుప్పటి దగ్గర చెవిపెట్టి. పక్క మంచాయన ముసిముసిగా నవ్వాడు. నవ్వుకోనీ అనుకున్నాను.

మరుసటి రోజు సాయంత్రం దుప్పటి కింద మోగింది. నవ్విన పక్క మంచాయనే లేచి కూర్చున్నాడు.

"విన్నావటే?" అన్నాడు మా ఆయన, కళ్ళు మూసుకునే.

"వార్డంతా విన్నారయ్యా!"

వరండాలోకి పరిగెత్తాను. పెద్ద డాక్టరుగారు ఎవరో సూటువాళ్ళతో మాట్లాడుతున్నారు.

"పిత్తాడండీ!"

సూటువాళ్ళు బిత్తరపోయారు. ఆయన అటూ ఇటూ చూసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "గట్టిగానేనా?" అన్నారు.

"మీకు వినపడలేదంటే నేను నమ్మను."

వచ్చి కడుపు నొక్కి చూశారు. మళ్ళీ కొయ్యక్కర్లేదన్నారు. ఈసారి చెంచాతోనే, కాసిని కాసిని పట్టమన్నారు. పట్టాను. మా ఆయన చెంచాని పళ్ళతో గట్టిగా పట్టుకుని ఎంతకీ వదల్లేదు.